దేవునితో తగవు

గోలకొండకోటను చూడబోవువారికి దారి చూపువారు తప్పక చూపించు తావులలో రామదాసు బందిఖానా యొకటి. బాలాహిస్సారు శిఖరమునకు పోవు దారిలో నున్నదది. ఎత్తైన గోడలు, వెలుతురు చాలని లోపలి భాగము, గోడమీద రాతిలో తొలిచిన రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. చెరలో నున్న దినములలో రామదాసే యీ మూర్తులను చెక్కెనని చెప్పుదురు. అక్కడికి వచ్చినవారిలో పెక్కురు చేతులు జోడించి, ఒక నిట్టూర్పు విడిచి, "ఎంత ఓర్పు! దేవునిమీద నెంత భారము వేసినాడు!" అనుకొనుచు మరల మెట్లదారి పట్టుదురు.

భారము వేసిన మాట నిజమే. ఓర్పు అన్న మాట యొద్దనే నాకు చిక్కు వచ్చుచున్నది. రామదాసు కీర్తనలను శ్రద్ధగా విన్నవారికి వానిలో అన్నిటికంటె తక్కువగా కనబడునది ఓర్పే. ఆయన అడిగెను, అలిగెను, దెప్పెను, లెక్కలు చూపెను, తుదకు తిట్టెను. ఇంత చేసినవానిని మన జాతి మూడు వందల యేండ్లకు పైగా పరమభక్తుడని కొలుచుచున్నది. కష్టములలో దేవుని నమ్ముట యనగా నోరు మూసికొని యుండుట యని మన మేల యనుకొనుచున్నామో, ఈ యొక్క మనుష్యుని చరిత్రను ముందుంచుకొని యాలోచింపవలెను.

కంచెర్ల గోపన్న స్వస్థలము ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి. పదునేడవ శతాబ్దివాడు. మేనమామలైన అక్కన్న మాదన్నలు గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో గొప్ప పదవులలో నుండిరి, మాదన్న ప్రధానియే. ఈ సుల్తానునే మనవారు తానీషా యందురు. మేనమామల పలుకుబడివలన గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. భద్రాచలము ఆ పరగణాలోనిది. అక్కడ పోకల దమ్మక్క యను భక్తురాలు కొండమీది రామమూర్తిని కనుగొని, పందిరి వేసి, తనకు దొరకిన పండో ఫలమో నివేదించుచు కొలుచుచుండెనని స్థలపురాణము. గోపన్న ఆ పందిరి చోట గుడి కట్టించెను. కట్టించిన సొమ్ము సర్కారు శిస్తు. ఆరు లక్షలని ప్రసిద్ధి. సొమ్ము ఖజానాకు చేరకపోగా సుల్తాను ఆయనను గోలకొండలో చెరబెట్టించెను. చెర పండ్రెండేండ్లు సాగెనని సంప్రదాయము.

ఇందులో చరిత్ర యెంత, కథ యెంత యని తేల్చుట సులభము కాదు. తానీషా గద్దె నెక్కినది 1672లో. కోట మొగలాయీల చేజిక్కినది 1687లో. పండ్రెండేండ్ల చెర ఆ పదునైదేండ్లలో నిమడవలెను. ఇముడును గాని, గోపన్న ఆ సుల్తాను కొలువులో చేరి గుడి కట్టించుటకు మూడేండ్లకు మించి మిగులదు. ఆ లెక్క నటుంచుదము. ఇంకొక మాట మాత్రము చెప్పక తప్పదు. సర్కారువారి దృష్టితో చూచినచో గోపన్న చేసినది నేరమే. రైతుల యొద్ద వసూలు చేసిన శిస్తును ఉద్యోగి తన యిచ్చవచ్చినట్లు ఖర్చు పెట్టినచో ఏ రాజు మెచ్చును? హరికథలలో తానీషాను క్రూరునిగా చిత్రించుట వినుటకు రుచిగా నుండును గాని, న్యాయము కాదు. రామదాసు కూడ తాను నిర్దోషినని మొరపెట్టుకొన్నట్లు లేదు. ఆయన వాదము వేరు: సొమ్ము తిన్నవాడు తాను కాడు, రాముడు; కనుక చెల్లింపవలసినవాడును రాముడే.

ఈ వాదమును ఆయన నడపిన తీరు తహసీలుదారునకు తగినట్లే యున్నది. మిక్కిలి ప్రసిద్ధమైన ఒక కీర్తనలో ఆయన పద్దు పద్దుగా లెక్క చెప్పెను. గుడి చుట్టు ప్రాకారమున కింత. భరతునకు చేయించిన పచ్చల పతకమున కింత. శత్రుఘ్నుని బంగారు మొలత్రాటి కింత. లక్ష్మణుని ముత్యాల పతకమునకు, సీతమ్మ చింతాకు పతకమునకు ఇంతింత. ప్రతి పద్దుకు ఎదుట వేల వరహాలు, మొహరీలు. అందరి లెక్కలు ముగిసిన పిమ్మట రాముని తురాయి వంతు వచ్చును. అక్కడ గొంతు మారును. ఎవరి సొమ్మనుకొని యిట్లు కులుకుచు తిరుగుచున్నావు, నీ తండ్రి యిచ్చెనా, మామగారు పంపెనా యని నిలదీయును. లోకములో ఋణదాత ఋణగ్రస్తుని వీధిలో నిలిపి యడిగినట్లే యున్నది. తెలుగుదేశములో పసిబిడ్డలు కూడ ఈ కీర్తనను పాడుదురు, పాడునపుడు నవ్వుదురు. కొరడా దెబ్బలు తినుచున్నవాడు కట్టిన పాట యని తలచుకొన్నపుడు నవ్వు నిలువదు.

ఆ కీర్తన చివర ఇంకొక మలుపు కలదు. ఇంత తిట్టినవాడు ఒక్కసారి మెత్తబడి, తిట్టితినని కష్టపెట్టుకోవద్దు, ఈ దెబ్బలు తాళలేక తిట్టితినని విన్నవించును. ఇది భయముచేత చెప్పుకొన్న క్షమాపణ యని నాకు తోచదు. చనువుగలవారి నడుమనే యిట్టి మాట పుట్టును. ఇంటిలో కొడుకు తండ్రిమీద మండిపడి, మరుక్షణమే "ఏదో బాధకొద్ది అంటిని" అని తల వంచుకొన్నట్లున్నది. పరాయివానిని తిట్టినచో మనము పరారి యగుదుము, లేదా పంతము పట్టుదుము. ఈ మూడవ దారి మన యనుకొన్నవారి యొద్దనే తెరచియుండును.

రాముడు పలుకకపోగా ఆయన మరియొక వాకిలి తట్టెను. సీతమ్మ నుద్దేశించిన కీర్తనలో, ఏకాంతమున నున్నపుడు నా మాట యొకటి నీ భర్త చెవిని వేయుమని వేడుకొనెను. కచేరీలలో పని చేసినవారికి ఈ మార్గము తెలియనిది కాదు. దొరగారు వినకున్నచో దొరసానిగారి ద్వారా విన్నవించుకొనుట లోకమున నున్నదే. నవ్వు వచ్చు విషయమే గాని, ఒక్కటి గమనింపవలెను: ఒక వాకిలి మూసినంత మాత్రమున ఆయన ఇల్లు మారలేదు. అదే ఇంటి పెరటి వాకిలి యొద్దకు పోయెను.

రామదాసు ఇందు ఒంటరివాడు కాడు. మన శతకకవులలో ఈ తగవుకు పెద్ద పరంపరయే యున్నది. కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకములో పొగడినట్లే యుండి యెత్తిపొడిచెను. భద్రాచలముమీదికి దండు వచ్చి, దేవుని మూర్తులను పోలవరమునకు తరలింపవలసి వచ్చినపుడు భల్లా పేరకవి భద్రగిరి శతకము చెప్పెను. భక్తులను కాపాడవలసిన దొర తానే యిల్లు విడిచి పరుగెత్తెనే యని కవికి కడుపు మండినది. సింహాచలము విషయములో గోగులపాటి కూర్మనాథకవి మరింత ఘాటుగా పలికెను. శత్రుసేన కొండ నెక్కుచుండగా ఉగ్రనరసింహుడు ఉలుకక పలుకక కూర్చుండుటేమని పద్యము వెంట పద్యముగా దెప్పిపొడిచెను. ఆ పద్యములు సాగుచుండగా తుమ్మెదల దండు లేచి శత్రువులను తరిమెనని కథ. తుమ్మెదలు వచ్చినవో లేదో నాకు పట్టింపు లేదు. దండు ముంగిట నిలిచిన వేళ ఒక మనుష్యుడు కొండ దిగి పారిపోక, దేవుని యెదుట నిలిచి తగవు పెట్టుకొనెననుటయే నాకు విశేషముగా తోచును.

కవుల మాట యెందుకు? వానలు లేని యేట మన పల్లెలలో జరుగునది చూడుడు. శివాలయములో గర్భగుడి ద్వారమునకు అడ్డుకట్ట వేసి, కుండలతో నీరు మోసి, లింగము మునుగువరకు నింపుదురు. భక్తియే, కాని దానిలో "మా గొంతులెండుచున్నవి, నీవైనను నీటిలో కూర్చుండి చూడుము" అను పోరును కొంత లేకపోలేదు. కొన్ని చోట్ల వరదపాయసము వండి బండమీద పోసి నాకుదురు. పిల్లలు రోకటికి కప్పను గట్టి వేపాకు చుట్టి యింటింట నీరు పోయించుకొనుచు తిరుగుదురు. ఇందులో ఏదియు మౌనముగా సహించుట కాదు. ఎండిన చేల నడుమ నిలిచి పైవానిని పేరు పెట్టి పిలుచుటయే.

ఇక ఇండ్లలోని స్త్రీల మాట. పిల్లవానికి జ్వరము తగ్గని రాత్రి, అప్పులవాడు వాకిట కూర్చున్న ఉదయము, "తండ్రీ, నీకు కళ్ళు లేవా? మేము నీకు కనబడుట లేదా?" అని పటమువైపు తిరిగి యడుగని తల్లి తెలుగుదేశములో నుండదు. అట్లడిగిన తల్లియే సాయంకాలము కాగానే వత్తి వేసి దీపము వెలిగించును. ఉదయపు మాటకు సాయంకాలపు దీపమునకు వైరుధ్యమున్నట్లు ఆమెకు తోచదు. చదువుకొన్న మనకే తోచును.

శాస్త్రము ఎరిగినవారు ఇక్కడ ఆక్షేపింపవచ్చును: ఇది శరణాగతి యెట్లగును? శరణన్నవాడు తన యిష్టాయిష్టములను విడువవలదా? ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని శ్రీవైష్ణవులు శరణాగతికి చెప్పిన ఆరంగములను తిరిగి చూడుడు. వానిలో దేవుడు తప్పక రక్షించునను విశ్వాసమొకటి. రక్షకుడవు నీవేయని ఆయనను వరించుట మరియొకటి. గోప్తృత్వవరణమని దానికి పేరు. నా చేత ఏమియు కాదని దైన్యమును చెప్పుకొనుట ఇంకొకటి. ఆరింటిలో ఎక్కడను మౌనమనునది లేదు. అడుగుటయే యొక అంగమైనపుడు, అడిగినది రాకున్నచో మరల అడుగుట అపచారమెట్లగును? మరల మరల అడుగువాని గొంతు కొంత పెరుగుట సహజము.

ఆశ యనునది ఇక్కడనే నాకు కనబడుచున్నది. దివాలా తీసినవానికి ఎవరును లెక్క చూపరు. ఇచ్చునను నమ్మకము చచ్చిన నాడు ఋణపత్రమును చించివేసి ఊరకుందుము. రామదాసు ఏండ్ల తరబడి పద్దులు వల్లించుచుండెననగా, ఎదుటివాడు చెల్లింపగలవాడనియు, చెల్లించుననియు, ఆయన మనస్సులో నెక్కడనో గట్టిగా నుండెననియే యర్థము. తిట్టు కూడ తలుపు తట్టుటలో నొక విధమే. తట్టుట మానినవాని కొరకే మనము భయపడవలెను. ఏడ్చి, అరచి, దేవుని దూరువానిని చూచి మన మెంతో కంగారుపడుదుము. ఒక మూల గోడవైపు తిరిగి యేమియు అడుగక కూర్చున్నవానిని "పాపము, నిబ్బరముగా నున్నాడు" అని మెచ్చి వెడలిపోవుదుము. ఈ రెంటిలో ఏది యపాయమో మనకు తెలియునా?

ఇంతమాత్రముచేత, కష్టమున శాంతముగా నుండుటయంతయు నటన యని నే ననను. అట్లనినచో ఈ కథలోనే యున్న రెండవ ఖైదీకి అన్యాయము చేసినవాడ నగుదును. ఆ రెండవ ఖైదీ తానీషాయే.

అబుల్ హసన్ గద్దె కొరకు పెరిగినవాడు కాడు. కుతుబ్ షాహీ వంశమునకు చుట్టము, అంతే. యౌవనములో షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి, ఫకీరువలె హైదరాబాదులో కాలము గడపెను. అబ్దుల్లా కుతుబ్ షా మూడవ కూతునకు నిశ్చయించిన పెండ్లి చివరి గడియలో చెడగా, వరుని కొరకు వెదకి, ఈ ఫకీరును పిలుచుకొనిపోయి రాజకుమార్తె నిచ్చిరట. అట్లు అల్లుడై, 1672లో మామ మరణింపగా రాజయ్యెను. పదునైదేండ్లు ఏలెను. కూచిపూడి భాగవతులకు అగ్రహారమిచ్చినది ఈయనయే యని ప్రతీతి. పిమ్మట ఔరంగజేబు కన్ను గోలకొండమీద పడెను. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హతులైరి. మరుసటి యేడు ముట్టడి. ఎనిమిది నెలలు కోట నిలిచెను. ఫిరంగులకు లొంగని కోట లంచమునకు లొంగెను. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి కోటలోని సర్దారు డొకడు ద్వారము తెరచెను.

తరువాత జరిగినదానిని ఖాఫీఖాను అను చరిత్రకారుడు వ్రాసెను. అతడు మొగలాయీల పక్షమువాడు. గోలకొండ రాజును పొగడవలసిన అవసరము లేనివాడు. శత్రువులు కోటలో చొచ్చిరని తెలిసి అబుల్ హసన్ అంతఃపురమునకు పోయి, స్త్రీలను ఓదార్చి, వారి యొద్ద సెలవు తీసికొని, వచ్చి తన ఆసనముమీద కూర్చుండెను. రూహుల్లాఖాను మున్నగు సర్దారులు కైదు చేయవచ్చినపుడు తానే ముందుగా సలాము చేసి, మర్యాదతో మాటలాడెను. భోజనవేళ కాగానే వడ్డింపుమనెను. వచ్చినవారికి ఆశ్చర్యమైనది. ఇట్టి సమయమున అన్నమెట్లు సహించునని యడిగిరి. ఇది నేను నిత్యము భుజించు వేళయే యని అతడు బదులు చెప్పెను. తన పెద్దలు భోగములలో నుండిరనియు, తాను కొన్నాళ్ళు బిచ్చగానివలె బ్రదికితిననియు, ఆశింపకయే దేవుడు రాజ్యమిచ్చెననియు, ఇపుడు తన పాపములకు ఫలముగా దానిని తీసికొనెననియు, అన్ని స్థితులలోను పోషించినవాని దయమీద తనకు నమ్మకము పోలేదనియు ఆ మాటల సారాంశము. భోజనము ముగించి, గుఱ్ఱమెక్కి, వారి వెంట వెడలెను. దౌలతాబాదు కోటలో చీనీమహలు అను కట్టడములో బందీగా నుంచిరి. అక్కడనే 1699 ప్రాంతమున మరణించెను. ఖుల్దాబాదులో పూడ్చిరి. గోలకొండ యొద్ద తన వంశమువారి గోరీల నడుమ ఆయనకు చోటు దొరకలేదు.

లెక్క చూచినచో అదియు ఇంచుమించు పండ్రెండేండ్ల చెరయే. దీనిని కర్మఫలమని చెప్పి తృప్తిపడువారు కలరు. నాకట్లు చెప్పబుద్ధి కాదు. రామదాసును చెరబెట్టినందుకు దేవుడు తానీషాను చెరబెట్టెననినచో, తండ్రిని చెరబెట్టి, అన్నదమ్ములను చంపించి, దాదాపు తొంబదేండ్లు బ్రదికి, పాదుషాగానే మరణించిన ఔరంగజేబు విషయమున ఏమి చెప్పుదుము? కష్టములను అట్లు తూకము వేయబోయినవాడు ఎక్కడనో ఒకచోట తక్కెడ పారవేయక తప్పదు.

తానీషా శాంతము గొప్పది. ఫకీరుతనము, రాజరికము, బందిఖానా, మూడును ఒకే చేతినుండి వచ్చినవని నమ్మినవాడు గనుక మూడవదానిని కూడ సలాము చేసి తీసికొనెను. రామదాసు తగవులాడెను, తానీషా తల వంచెను. ఇద్దరును దేవుని విడువలేదు. మనుష్యుల స్వభావములు వేరు, మాటలు వేరు. కాని ఒక్కటి ఆలోచింపుడు. ఆ మాటలు తానీషా నోట వచ్చినవి. అవే మాటలు రూహుల్లాఖాను పలికియుండినచో? సంకెల పట్టుకొని వచ్చిన సర్దారు, "రాజా, అంతయు దైవేచ్ఛ. ఇన్నాళ్ళు సుఖపడితివి గదా. నిశ్చింతగా భోంచేయుము" అని యుండినచో, దానిని వేదాంతమందుమా, పరిహాసమందుమా?

తన కష్టమునకు తాను చెప్పుకొను సమాధానము వేరు. ఎదుటివాని కష్టమునకు మనము చెప్పు సమాధానము వేరు. అక్షరములన్నియు ఒకటే యైనను మాట ఒకటి కాదు. మన యిండ్లలో చావు జరిగినచోట, పంట పోయినచోట, ఉద్యోగము పోయినచోట, పరామర్శకు వచ్చినవారు ముందుగా వల్లించునది ఈ పాఠమే. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకొని పడినపుడు ఒక్క రాత్రిలో వేలకొలది జనము కొట్టుకొనిపోయిరి. బిడ్డలందరిని పోగొట్టుకొని మిగిలిన తల్లి, "దేవుడు నిద్రపోయినాడా?" అని యడిగినపుడు, అట్లనరాదని మందలించుటకు గట్టుమీద నిలిచిన మన కేమి యధికారము కలదు? ఆమె ప్రశ్న మన నుద్దేశించినది కాదు. బదులు చెప్పవలసినవాడు వేరొకడు. నడుమ మనము దేవుని పక్షమున వకాల్తా పుచ్చుకొందుము. ఆయన అడిగెనా?

క్రైస్తవ సోదరులు చదువు యోబు గ్రంథములో ఈ విషయమే విచిత్రముగా నున్నది. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒడలెల్ల కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దేవుని నిలదీసి యడుగును. ఓదార్చవచ్చిన స్నేహితులు ఏడు దినములు అతని చెంత నేలమీద మౌనముగా కూర్చుందురు. అంతవరకు బాగుగనే యున్నది. పిమ్మట నోరు విప్పి, నీవేదో పాపము చేసియుందువు, దేవుని న్యాయము తప్పదు, ఊరకుండుమని ధర్మబోధ సాగింతురు. యోబు తన ఎరుగనితనమును ఒప్పుకొని తల వంచిన పిమ్మట దేవునికి కోపము వచ్చినది ఆ బోధకులమీద. నా సేవకుడు యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని వారిని గద్దించి, యోబు చేతనే వారి కొరకు ప్రార్థన చేయించెను. ఏ దేశపు గ్రంథమైన నేమి, బాధపడువాని యెడల ఇంత మర్యాద చూపినచోట మనము కొంచెము ఆగి నమస్కరింపవచ్చును.

రామదాసు పాటలు మనకు దక్కిన తీరు కూడ ఈ మర్యాదకు తార్కాణమే. ఆ కీర్తనలను బ్రదికించినవి ముఖ్యముగా మన భజనగూళ్ళు. పగలెల్ల దున్ని, కోసి, మోసి వచ్చినవారు రాత్రి దీపమెదుట చేరి, చిడతలు పట్టి, ఎవని కష్టమును వాడు లోపల నుంచుకొని, ఆ తగవును గొంతెత్తి పాడిరి. ఎవరును వారిని తప్పు పట్టలేదు. తరువాతి కాలపు త్యాగరాజు, తానును రాముని ప్రశ్నించుట యెరిగినవాడు గనుక, రామదాసును భక్తితో స్మరించెను. ఇరువదవ శతాబ్దిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రము ఆ కీర్తనలను పల్లెల భజనలనుండి కచేరీ వేదికలమీదికిని, ఆకాశవాణి ద్వారా ఇంటింటికిని చేర్చెను. పాట పెద్ద సభకు వచ్చినను దానిలోని దెబ్బల నొప్పి పోలేదు.

విడుదల కథ అందరు నెరిగినదే. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా శయనగృహమునకు వచ్చి, రామోజీ లక్ష్మోజీలమని పేర్లు చెప్పి, ఆరు లక్షలు చెల్లించి, రసీదు వ్రాయించుకొని, దానిని చెరలో నిద్రించుచున్న రామదాసు ప్రక్క నుంచి పోయిరట. ఆ నాణెములని చెప్పబడు రామమాడలను భద్రాచలమున నేటికిని చూపుదురు. వచ్చినవారెవరో తెలిసికొని తానీషా చకితుడై, భక్తుని విడిపించి, సన్మానించి పంపెను. శ్రీరామనవమినాడు కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయనతోనే మొదలైనదందురు. ప్రభుత్వములు పెక్కు మారినవి. తలంబ్రాలు ఇప్పటికిని వచ్చుచున్నవి.

కథలో నాకు నచ్చినది ధనము కాదు, రసీదు. ఏండ్ల కొలది పద్దులు వ్రాసిన ఉద్యోగికి ఉద్యోగి భాషలోనే బదులు వచ్చినది. కాని అందును ఒక కిటుకున్నది. పండ్రెండేండ్లు పిలిచినవాడు నిద్రపోవుచుండగా, ఒక్కనాడును పిలువనివాని పడకటింటికి దేవుడు వచ్చెను. దర్శనమైనది తానీషాకు. రామదాసుకు కాగితము మిగిలెను. తెల్లవారి సంకెలలు విప్పి, సుల్తానే యెదురువచ్చి సంగతి చెప్పగా, ఆ భక్తుడు సంతోషముతో గంతులు వేయలేదని చెప్పుదురు. ఇంతకాలము నే నేడ్చినది సొమ్ము కొరకా, ఒక్కసారి కనబడి పోరాదా, అతనికి కనబడినవానికి నేను కానివాడనైతినా యని, బందిఖానా గడప దాటకముందే రామునితో మరల తగవునకు దిగెనట.